పాలమేకకు పద్దు పుస్తకం

అంగడిలో కోత మేకను అమ్మడానికి మాటలు అక్కర్లేదు. కొనేవాడు వెన్ను మీద చెయ్యి వేసి నొక్కి చూస్తాడు, నడుం దగ్గర పట్టుకుని ఒకసారి ఎత్తి దించుతాడు. ఎన్ని కిలోల మాంసం పడుతుందో అతనికి తెలిసిపోతుంది. పాలమేక సంగతి అలా కాదు. రేపు పొద్దున అది ఎన్ని పాలిస్తుందో, మూడు నెలల తరవాత ఎన్ని ఇస్తుందో, దాని కూతురు ఎంత ఇవ్వగలదో ఒంటి మీద కనిపించదు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో 14.88 కోట్ల మేకలున్నాయి. వాటిలో చాలా భాగం మాంసం ధరకే చేతులు మారతాయి. మంచి పాలిచ్చే మేక కూడా ఆ ధరకే పోతుంది, ఎందుకంటే అది పాలిస్తుందనడానికి అమ్మేవాడి నోటిమాట తప్ప ఇంకో సాక్ష్యం ఉండదు.

ఆ సాక్ష్యాన్ని ఎలా తయారు చేసుకోవాలన్నదే ఈ అధ్యాయం. పది పదిహేను మేకలున్న చిన్న రైతుకు పెద్ద షెడ్డు కన్నా, దూరం నుంచి తెచ్చిన ఖరీదైన జాతి కన్నా, రెండు వందల పేజీల నోటు పుస్తకం ఎక్కువ సంపాదించి పెడుతుందని నా గట్టి నమ్మకం. రెండేళ్లు వదలకుండా రాసిన పుస్తకం ఉంటే మీ మేకను మీరు పొగడక్కర్లేదు.

వారానికి ఒక పూట

రోజూ కొలవమని చెప్పను. వారానికి ఒక రోజు పెట్టుకోండి, శుక్రవారం అనుకుందాం. గురువారం సాయంత్రం ఆరుకు పొదుగు పూర్తిగా ఖాళీ అయ్యేలా పిండి, పిల్లలను వేరే గదిలో కట్టేయండి. శుక్రవారం పొద్దున ఆరుకు పిండిన పాలు సరిగ్గా పన్నెండు గంటల పాలు. దాన్ని రెట్టింపు చేస్తే రోజు లెక్కకు దగ్గరగా వస్తుంది. మిగతా రోజుల్లో కూడా పిల్లలకు రెండు వారాలు దాటాక రాత్రి వేరుగా ఉంచి, పొద్దున మీరు పిండుకుని, పగలంతా తల్లితో వదిలేస్తే పిల్ల ఎదుగుదలా ఆగదు, ఇంటికి పాలూ దక్కుతాయి.

కొలిచేటప్పుడు లీటరు గిన్నెను నమ్మకండి. చెయ్యి తిరిగినవాళ్లు గట్టి ధారతో పిండితే గిన్నె నిండా నురగ లేస్తుంది, ముప్పావు లీటరు లీటరులా కనిపిస్తుంది. కూరగాయల బండి మీద పెట్టుకునే చిన్న ఎలక్ట్రానిక్ కాటా చాలు. ఖాళీ గిన్నె తూకం తీసేసి పాల తూకం రాయండి. లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి.

పుస్తకంలో ఒక్కో మేకకు ఒక్కో పేజీ. పైన చెవి ట్యాగు మీది 12 అంకెల నంబరు, తల్లి ఎవరు, తండ్రి పోతు ఎవరు. కింద ఏ తేదీన ఎదకు వచ్చింది, ఏ పోతుకు దాటించారు, ఎప్పుడు ఈనింది, ఎన్ని పిల్లలు, ఒక్కోటి ఎంత బరువు, వారం వారం పాల తూకం. జబ్బు చేస్తే ఏ మందు, ఎన్ని రోజులు. ఇంతే. పెన్సిల్‌ను దారంతో కొట్టం గుంజకే కట్టండి. రాత్రి అన్నం తిన్నాక గుర్తుచేసుకుని రాద్దామనుకుంటే అది లెక్క కాదు, ఊహ. ఒళ్లు అలిసిపోయిన రోజున కూడా అక్కడే నిలబడి రాయడం ఒక అలవాటు. ఆ అలవాటు పడ్డాక మేకల పెంపకం ఒక్కటే కాదు, మనిషి డబ్బు వాడే తీరు కూడా మారుతుంది.

ఇంకో మాట. మన ఊళ్లలో చాలా ఇళ్లలో మేక పాలు పిండేది ఆడవాళ్లు. బేరం మాట్లాడేది మగవాళ్లు. ఏ మేక చన్ను గట్టిది, ఏది పిండేటప్పుడు తన్నుతుంది, ఏది పాలు ఎగబట్టి పిల్లకోసం దాచుకుంటుంది, ఇవన్నీ పిండే చేతికే తెలుసు. పుస్తకం ఆమె చేతిలో ఉండాలి. బేరం జరిగేటప్పుడు ఆమె అక్కడ ఉండాలి, ధర చెప్పేటప్పుడు ఆమె మాట చెల్లాలి. ఆమె పని చేసి ఆయన సంతకం పెట్టే ఇంట్లో ఈ వ్యాపారం ఎక్కువ కాలం నిలవదు.

రాసిన లెక్క కంటి అంచనాను ఎలా తలకిందులు చేస్తుందో చూడండి. ఒక మేక ఈనిన మూడో వారంలో లీటరున్నర ఇచ్చి, పదో వారానికల్లా ఎండిపోయింది. సగటున రోజుకు లీటరు వేసుకున్నా 70 లీటర్లు. పక్కనే ఇంకో మేక ఎప్పుడూ లీటరు దాటలేదు, కానీ ఇరవై వారాలు వదలకుండా ఇచ్చింది. సగటున 800 మిల్లీలీటర్లు వేసుకుంటే 112 లీటర్లు. ఊరంతా మెచ్చుకునేది మొదటిదాన్ని. మీరు కూతుళ్లను ఉంచుకోవలసింది రెండోదానికి.

జాతి మోజు

ఎర్రటి ఒళ్లు, వేలాడే చెవులు చూసి ముచ్చటపడి దూరప్రాంతపు జాతిని లారీలో దింపుకోవడం చాలామంది చేసే మొదటి పని. జమునాపారి పుట్టిల్లు ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లా, యమునా చంబల్ నదుల మధ్య లోయలు. అక్కడి పొదల్లో తలెత్తి మేస్తూ పెరిగిన జీవం అది. నాలుగు గోడల మధ్య కట్టేసి మేపితే దాని కాళ్లు, ఊపిరితిత్తులు తట్టుకోవడం కష్టం. పంజాబ్ బీటల్ పాలకు మంచి పేరున్నది. బార్బరీ చిన్న ఒళ్లు, కొట్టంలో ఉండి తినడానికి ఓర్చుకుంటుంది, కవలలు ఎక్కువ. మన పక్కనే మరాఠ్వాడాలో పుట్టిన ఉస్మానాబాదీ మన ఎండకు, మన కంచెల మేతకు అలవాటైన నల్లమేక. మథుర దగ్గర మఖ్దూంలో 1979లో మొదలైన కేంద్ర మేకల పరిశోధన సంస్థ ఈ జాతుల మీద పనిచేస్తోంది, శిక్షణ కూడా ఇస్తుంది. డబ్బు పెట్టేముందు ఒకసారి అక్కడికి వెళ్లివచ్చినా నష్టం లేదు.

నా సలహా ఇది. మీ చుట్టుపక్కల ఊళ్లలోనే పాలకు పేరున్న ఉస్మానాబాదీ, నాటు మేకలు ఏరుకోండి. వాటి మీదకు మంచి బీటల్ పోతును తెచ్చి, పుట్టిన కూతుళ్లలో పుస్తకం మెచ్చినవాటిని ఉంచుకోండి. జాతి పేరు కొనుక్కోవచ్చు. మీ ఊరి ఎండకూ గాలికీ నిలిచే మంద మాత్రం మీ కొట్టంలోనే పుట్టాలి.

సగం మంద ఒక్క పోతే

ఇరవై పాతిక మేకలకు ఒక పోతు చాలు. అంటే పుట్టబోయే ప్రతి పిల్లలో సగం రక్తం దానిదే. అయినా మనవాళ్లు పోతును ఎంచేటప్పుడు ఎత్తు, కొమ్ములు, గడ్డం చూసి డబ్బులిచ్చేస్తారు. పోతు పాలివ్వదు కాబట్టి దాని పాలు దాని తల్లిలో, అక్కచెల్లెళ్లలో చూడాలి. పోతును అమ్మేవాణ్ణి ముందు తల్లిని చూపించమనండి. వీలైతే ఒక పూట ఆగి మీ ఎదుటే పిండమనండి. తల్లి చచ్చిపోయిందనో అమ్మేశామనో చెబితే ఆ పోతుకు కోత ధరే ఇవ్వండి, లేదా వదిలేయండి.

చేత్తో తడిమి చూడవలసినవి కొన్నున్నాయి. రెండు వట్టలూ సంచిలోకి దిగి, ఒకే సైజులో, గట్టిగా ఉండాలి. ఒకటి పైనే ఉండిపోయినది పనికిరాదు. పై దవడ కింది దవడ సరిగా కలవాలి. పొట్ట కింద చన్నులు తడమండి. పోతుకూ చిన్న చన్నులుంటాయి, రెండే ఉండాలి. అదనపు చన్నులు, రెండు కలిసిపోయిన చన్నులు ఉంటే ఆ లోపం కూతుళ్లకు దిగే అవకాశం ఎక్కువ, అలాంటి పొదుగును పిండేవాళ్ల చేతులు శాపనార్థాలు పెడతాయి.

కొమ్ముల్లేని బోడి పోతును బోడి మేకకు దాటించకండి. మేకల్లో బోడితనంతో పాటే ఒక జన్యు దోషం వస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ బోడివైతే పుట్టే పెంటి పిల్లల్లో కొన్ని ఆడా మగా కాని స్థితిలో పుడతాయి, అవి జీవితంలో చూడి కట్టవు. ఇద్దరిలో ఒకరికి కొమ్ములుంటే ఈ చిక్కు రాదు. మంద ముచ్చటగా ఉందని ఏళ్ల తరబడి బోడివాటినే కూడబెట్టి, గొడ్డు మేకలు ఎందుకొస్తున్నాయో తెలియక తిరిగే రైతులున్నారు.

రెండేళ్లు తిరక్కుండానే ఆ పోతు కూతుళ్లు ఎదకు వస్తాయి. ఆలోపే పోతును మార్చండి. పక్క మండలంలో మీలాగే పుస్తకం రాసే రైతు ఒకరుంటే ఇద్దరూ పోతులు మార్చుకోవచ్చు, ఖర్చే లేదు. మార్చుకునేముందు బ్రూసెల్లోసిస్ రక్తపరీక్ష చేయించండి. చూడి మేకలు నెలలు నిండకుండా ఈసుకుపోవడానికి కారణమయ్యే ఆ జబ్బు పాల ద్వారా, ఈనేటప్పుడు ముట్టుకున్న చేతుల ద్వారా మనుషులకూ వస్తుంది. పోతు పిల్లలను మూడు నెలలకే పెంటి పిల్లల నుంచి విడదీయండి. నాలుగు నెలలకే అవి దాటగలవు, ఒళ్లు ఎదగని పిల్లలు చూడి కట్టేస్తాయి.

ఎద 18 నుంచి 24 రోజులకోసారి వస్తుంది, ఒకటి రెండు రోజులు నిలుస్తుంది. చూడి సుమారు 150 రోజులు. మొదటిసారి దాటించడానికి వయసు కన్నా బరువు చూడండి. ఎదిగిన మేక బరువులో మూడింట రెండొంతులు రావాలి. ఈనడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే పాలు పిండడం ఆపేయాలి. పుట్టిన గంటలోపే పిల్లకు ముర్రుపాలు పట్టాలి, బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచాలి. వానలకు ముందు చిటుకు రోగం టీకా, మూడు నాలుగు నెలల వయసులో పారుడు రోగం టీకా. ఇవన్నీ మీ పశువైద్యశాలలో అడిగితే చెబుతారు, అంబులెన్సుకు 1962 నంబరుంది. ఇక్కడ విస్తరించను.

ఒక్కటి మాత్రం పాలవ్యాపారానికి ముఖ్యం. అన్ని మేకలూ ఒకేసారి ఈనితే మూడు నెలలు పాలు పొర్లుతాయి, ఆ తరవాత వాడుకలకు చెప్పే సమాధానం ఉండదు. పది మేకలుంటే మూడు జట్లుగా విడదీసి, నాలుగు నెలల తేడాతో దాటించండి. జూన్, జులైలో పచ్చిక లేచాక ఎద ఎక్కువగా వస్తుంది. తక్కిన జట్లకు దాటించబోయే రెండు మూడు వారాల ముందు నుంచి దాణా పెంచి చూడండి.

ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి

పది మేకలు రెండేళ్లలో మూడు ఈతలు ఈనితే, ఈతకు సగటున ఒకటిన్నర పిల్ల చొప్పున 45 పిల్లలు. ఐదు పోయాయనుకున్నా 40 మిగులుతాయి. అందులో 20 పోతు పిల్లలు, 20 పెంటి పిల్లలు. ఇది అంచనా మాత్రమే, మీ పుస్తకం మీకు అసలు లెక్క చెబుతుంది.

ఇరవై పోతు పిల్లల్లో విత్తనానికి నిలిచేవి ఒకటో రెండో. మిగతావాటిని కోతకు పంపడానికి వెనకాడకండి, కానీ ఎప్పుడు పంపాలో చూసుకోండి. బక్రీద్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. ఖుర్బానీ మేకకు ఏడాది నిండి ఉండాలి, కొమ్ము విరిగినది, చెవి తెగినది, కుంటేది కొనరు. కాబట్టి ఆ పండుగకు ఉంచే పోతుల కొమ్ములు కాల్చకండి, పోట్లాడుకునేవాటిని కలిపి కట్టకండి. ఆషాఢం బోనాలు, మాఘంలో మేడారం జాతర, ఇవి కూడా మన దగ్గర జీవాలకు గిరాకీ వచ్చే రోజులే. నెలల తరబడి మేపిన పోతును పండుగకు నెల ముందు ఇంటి దగ్గరకొచ్చిన దళారికి గుత్తగా ఇచ్చేయడం ఈనగాచి నక్కలపాలు చేయడమే. కాటా మీద తూచి కిలో లెక్కన అమ్మండి.

పెంటి పిల్లల దగ్గరే మనసుకు పరీక్ష. ఇరవైలో ఐదింటిని మీ మందకు ఉంచుకుంటారు. మిగతా పదిహేనూ పాలమేకలుగా అమ్మితే డబ్బు ఎక్కువ వస్తుంది. వాటిలో నాలుగైదింటి తల్లి మాత్రం తొందరగా ఎండిపోయేదో, పొదుగువాపు పదేపదే వచ్చినదో, కాళ్లు వంకరో అయి ఉంటుంది. అవి కూడా చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి, కొనేవాడికి తేడా తెలియదు. మీకు తెలుసు. వాటిని కోత ధరకే, కోతకని చెప్పే అమ్మండి. అప్పటికి నాలుగు వేలో ఐదు వేలో తక్కువ వస్తాయి. కానీ మీ కొట్టం నుంచి పాలమేక అని బయటికి వెళ్లే ప్రతి జీవం రేపు ఇంకో ఊళ్లో మీ పేరుతో నిలబడుతుంది. అది పాలివ్వకపోతే ఆ ఊరి నుంచి రెండో మనిషి రాడు.

కొనేవాడి ఎదుట

పొదుగు చూపించి అమ్మడం పాత ఎత్తు. పాలు పిండకుండా ఒక రోజంతా వదిలేస్తే ఏ మేక పొదుగైనా బిగిసి కనిపిస్తుంది. ఆ ఒత్తిడితో పొదుగువాపు వచ్చి కొత్త ఇంట్లో మొదటివారమే చన్ను చెడిపోయిన మేకలెన్నో. మీరు ఎదురు పద్ధతి పాటించండి. కొనేవాణ్ణి సాయంత్రం రమ్మనండి. అతని ఎదుటే పొదుగు ఖాళీ చేయండి. ఖాళీ అయ్యాక అతని చేత్తోనే పట్టి చూడమనండి. పాలపొదుగు పిండాక ముడుచుకుని తడిగుడ్డలా మెత్తగా వేలాడుతుంది. పిండాక కూడా అంతే సైజులో గట్టిగా ఉంటే అది కండ పొదుగు, పాలది కాదు. రాత్రికి మీ ఇంట్లోనే అన్నం పెట్టండి, లేదంటే పొద్దున్నే రమ్మనండి. తెల్లవారి మొదటి నాలుగు ధారలు నల్లగుడ్డ మీద పిండించండి. తరకలు, పలుకులు కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టు. లేకపోతే మిగతాది కాటా మీద పెట్టి, ఆ అంకెను పుస్తకంలో అంతకుముందు శుక్రవారాల అంకెల పక్కన చూపించండి.

ఇలా చూపిస్తే బేరం తీరే మారిపోతుంది. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని మాట్లాడుకునే పని ఉండదు. ధర ఎంత చెప్పాలంటే, ఆ మేక కోతకు ఎంత పలుకుతుందో అది అడుగు. దాని మీద కిందటి ఈతలో ఇచ్చిన మొత్తం పాలకు మీ ఊరి ధర కట్టి, అందులో సగం కలపండి. ఎలా వచ్చిందో కొనేవాడికి లెక్క విప్పి చెప్పండి. లెక్క చెప్పిన ధరను తగ్గించమని అడగడానికి కొనేవాడికీ మొహమాటం వేస్తుంది.

లోపాలు కూడా చెప్పండి. "ఇది పిండేటప్పుడు ఎడమ కాలు ఎత్తుతుంది, కుడివైపు కూర్చోండి." "కిందటేడు ఒకసారి పొదుగువాపు వచ్చింది, ఐదు రోజుల్లో తగ్గింది, మళ్లీ రాలేదు." ఇలాంటి రెండు మాటలు విన్నాక మీరు చెప్పే మంచి మాటలన్నీ అతను నమ్ముతాడు.

మేకతో పాటు మూడు రోజుల దాణా, మీరు వేసే మేత కొంత కట్టి పంపండి. మేత ఒక్కసారిగా మారితే పొట్ట ఉబ్బుతుంది, పారుతుంది, నింద మీ మేక మీద పడుతుంది. టీకాలు, నట్టల మందు వేసిన తేదీలు, దాటించిన తేదీ, పోతు నంబరు ఒక కాగితం మీద రాసివ్వండి. మూడు వారాలు తన మందలో కలపకుండా విడిగా కట్టమని చెప్పండి. ప్రయాణం అలసటకు లోపలున్న జబ్బులు పైకొచ్చే రోజులవి.

పాల గురించి అబద్ధం వద్దు

మేక పాలు వాడుకకు పోసేటప్పుడు మీకు గొప్ప ప్రలోభం ఎదురయ్యేది డెంగీ రోజుల్లో. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని జనం ఎగబడతారు, ఎంత అడిగితే అంత ఇస్తారు. అలా పెరుగుతాయని నిరూపించిన వైద్య ఆధారం లేదు. ఆసుపత్రికి పోవలసిన మనిషి మీ పాలను నమ్ముకుని రెండు రోజులు ఆగితే ఏమవుతుందో ఆలోచించండి. ధర మామూలుగానే తీసుకోండి, డాక్టరును చూడమని చెప్పండి. ఏడాది నిండని పసిబిడ్డలకు తల్లిపాల బదులు మేక పాలు పట్టే ఇళ్లున్నాయి. మేక పాలలో ఫోలిక్ యాసిడ్ చాలా తక్కువ, వాటి మీదే పెరిగే బిడ్డకు రక్తహీనత వస్తుంది. ఆవు పాలు పడనివాళ్లలో చాలామందికి మేక పాలు కూడా పడవు. పచ్చిపాలు తాగడం బలమని అడిగేవాళ్లకు కాచి తాగమనే చెప్పండి.

అబద్ధాలు పక్కన పెట్టినా మేక పాలకు సొంత విలువ ఉంది. జిడ్డు చిన్న చిన్న కణాలుగా ఉంటుంది, రుచి మెత్తన. వాసన వస్తుందని వద్దనేవాళ్లకు కారణం చాలాసార్లు పోతే. దాన్ని పాలిచ్చే మేకల నుంచి దూరంగా కట్టి, పొదుగు కడిగి తుడిచి, పిండిన వెంటనే వడకట్టి చల్లబరిస్తే ఆ మాట వినపడదు. ఈనిన ఐదు రోజుల వరకు పాలు పిల్లలవే. యాంటీబయాటిక్ వేసిన మేక పాలను మందు డబ్బా మీద రాసినన్ని రోజులూ అమ్మకండి, ఆ రోజుల్ని పుస్తకంలో ఎర్ర గీతతో గుర్తుపెట్టుకోండి. సీసాల మీద పేరు వేసి అమ్మే దశకు వస్తే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

రెండేళ్ల తరవాత

మీ దగ్గర మేకలు కొన్న మనిషి రెండేళ్లకు పోతు కోసం వస్తాడు. మీ మేకలు బాగా ఇచ్చాయని, అదే రక్తం కావాలని అడుగుతాడు. ఇది మీకు దక్కే పెద్ద గౌరవం, పెద్ద బేరం కూడా. పుస్తకం తీయండి. అతను పట్టుకెళ్లిన మేకల తండ్రి ఎవరో, మీ దగ్గర ఇప్పుడున్న పోతు పిల్లల తండ్రి ఎవరో పక్కపక్కన చూడండి. ఒకటే అయితే ఆ పేజీలు అతనికే చూపించి, ఇస్తే అన్నాచెల్లెళ్లను కలిపినట్టవుతుందని చెప్పండి. మీరు పోతును మార్చుకునే పక్క మండలం రైతు ఫోన్ నంబరు ఇచ్చి, అక్కడ తల్లిని చూడకుండా కొనొద్దని చెప్పి పంపండి.